జెత్రో బావ రాసివ్వని క్షమాపణ

మా అక్క డార్కస్ భర్త జెత్రో హాడ్వెన్‌కి కాలు ఒకచోట నిలిచేది కాదు. న్యూపోర్ట్ రేవులో తిమింగలం నూనె వ్యాపారం మొదలుపెట్టాడు. అది కుదురుకునేలోపే కొవ్వొత్తుల కార్ఖానా పెట్టాడు. దేశం కొత్తది, డాలర్లు కొత్తవి, ఇక ఆగుతాడా? నేనూ వాళ్ళతోనే ఉండే ఇంటి ముందుగదిలోనే బ్యాంకు తెరిచాడు. పాదిరీలూ చర్చీలూ వద్దనుకున్న క్రైస్తవ సమాజం మాది, మా క్వేకర్ల డబ్బంతా అక్కడికే వచ్చేది. మనవాడు కదా అన్న ఒక్క నమ్మకం! మౌనప్రార్థనలో అందరం కదలకుండా కూర్చుంటే ఈయన బూటు మాత్రం టకటకలాడేది. అక్క మోచేత్తో పొడిచేది.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఫీబీ మా సమాజం కాని ఓడ కెప్టెన్ మీద మనసుపడింది. చర్చిలో పెళ్ళి, పాదిరి చేతుల మీదుగా. అలాంటి పెళ్ళికి వెళితే కన్నవాళ్ళనైనా మావాళ్ళు వెలివేస్తారు. వెలి పడితే బావ బ్యాంకు మూతపడ్డట్టే.

"మనం వెళ్ళటం లేదు," అంది అక్క. అన్నాక తుడిచిన గదినే మళ్ళీ మళ్ళీ తుడిచింది.

పెళ్ళిరోజు పొద్దున బావ మేడ ఎక్కాడు, దిగాడు. గడియారానికి కీ ఇచ్చాడు, మళ్ళీ ఇచ్చాడు. చివరికి కోటు తొడుక్కుని, "రేవులో పనుంది," అన్నాడు.

"ఓడలేవీ రాలేదుగా, ఏం పని బావా?" అన్నాను, ఊరుకోలేక.

"నీ రొట్టె మాడుతోంది, చూసుకో హల్డా!"

చర్చిలో తలుపు పక్కన నిలబడి చూశాడట. సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాడు బ్యాంకు ముందు మావాళ్ళే బారులు తీరి, డబ్బు తిరిగిమ్మన్నారు.

ఆ వారమే సమాజం పెద్ద ఎలిషా కాగ్‌షాల్ ఇంటికొచ్చాడు. మాలో చిన్నాపెద్దా లేదు, ఎవరినైనా నువ్వనే అంటాం.

"జెత్రో, తప్పయింది, బాధపడుతున్నానని రెండు ముక్కలు రాసివ్వు. నిన్ను వెలివెయ్యరు. తీసుకున్న డబ్బు మళ్ళీ తెచ్చి నీ దగ్గరే దాస్తారు."

బావ కిటికీకీ పొయ్యికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. రాసిచ్చెయ్ మహానుభావా, నీ సొమ్మేం పోయింది అని లోలోపల తిట్టుకున్నాను.

"బాధపడుతున్నాను ఎలిషా," అన్నాడు చివరికి. ఎలిషా గబగబా కలం అందించాడు. బావ అందుకోలేదు. "తలుపు పక్కన దొంగలా నక్కినందుకు. ముందు వరసలో దర్జాగా కూర్చోవలసింది. నా పిల్ల నన్ను చూడనేలేదు."

ఎలిషా మొహం మాడ్చుకుని అక్క వైపు తిరిగాడు. "నువ్వు నయం డార్కస్. గడప దాటలేదు."

అక్క చేతిలో అల్లిక పక్కన పెట్టింది.

"నా బాధంతా అదే. అదీ రాసుకో ఎలిషా."