హెసెల్‌కోట్ ప్రభువుగారి నిప్పు

హెసెల్‌కోట్ ప్రభువు అన్న బిరుదు ఒక వంశానికి తాతల నాటి నుంచీ ఉంది. హెసెల్‌కోట్ ఊరిని మాత్రం ఆ వంశంలో ఎవరూ చూసిన పాపాన పోలేదు. కాపురాలన్నీ లండన్‌లో. గుమస్తా చూసుకునే ఎస్టేటు కాక, ఊళ్లో వాళ్ల గుర్తుగా మిగిలిందల్లా చర్చిలో ముందు వైపు చెక్క గోడలు కట్టిన ఓ చిన్న గది, అందులో ఓ పొయ్యి. ప్రభువుగారు ప్రార్థనకు వస్తే చలి కాచుకోవద్దూ మరి!

రాని ఆ పెద్దమనిషి కోసం చలికాలం ప్రతి ఆదివారం ఆ పొయ్యి రాజేసేది డోర్కస్ పిడ్జ్‌లీ. కంచెలు అల్లే మొగుడు పోయాక ఎస్టేటు గుమస్తా ఆమెకు చర్చి ఊడ్చే పనీ, ఉండడానికి చిన్న ఇల్లూ ఇచ్చాడు. షరతు ఒక్కటే. ఆ గదిలో ఇంకెవరినీ కూర్చోనివ్వకూడదు, కూర్చోనిస్తే ఇల్లు పోతుంది. నోరు పెద్దదే గానీ డోర్కస్ ఉప్పు తిన్న ఇంటిని మరిచే మనిషి కాదు. తలదాచుకోను నీడ ఇచ్చారన్న విశ్వాసంతో ఆ మాట ఏనాడూ జవదాటలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చిన రెండో చలికాలంలో మంచు కంచెలెత్తున పడింది. ఆ ఆదివారం వెనక బల్ల మీద ముసలి గొర్రెలకాపరి ఏమస్ ట్రిండర్ ఊపిరి తిరక్కుండా దగ్గుతున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. ఖాళీ గదిలోనేమో నిప్పు భగభగమంటోంది. డోర్కస్‌కి ఒళ్లు మండింది.

"లే తాతా, పద లోపలికి."

"నీ ఇల్లు పోతుందే పిచ్చిమొహమా!"

"పోతే పోయింది. నువ్వు పోతే ఈ మంచులో గొయ్యి తవ్వే ఓపిక ఎవడికుందీ?"

ముసలాణ్ణి కూర్చోబెట్టి తిరిగేసరికి గుమ్మంలో బక్కపలచని పెద్దాయన ఒకడు గజగజ వణుకుతూ కనిపించాడు. కోటుకి మాసికలు. బస్సు మంచులో దిగబడితే నడిచొచ్చాడట.

"అక్కడే నిలబడితే కొయ్యబారిపోతావయ్యా. లోపలికొచ్చి కూర్చో."

"అది ప్రభువుగారి చోటేమో కదమ్మా?"

"ఆయనొచ్చేదెప్పుడు, కూర్చునేదెప్పుడు! తాతా, కాస్త జరుగు."

ప్రార్థన అయ్యాక పాదిరీగారు పరుగున వచ్చారు. లండన్‌లో ఒకసారి చూసిన మొహం కాబట్టి ఆయన ఇట్టే పోల్చుకున్నారు. "ప్రభువుగారూ! కబురైనా పెట్టకుండా వచ్చేశారే!"

దొరికిపోయానని డోర్కస్‌కి అర్థమైంది. అయినా తప్పించుకోవాలని చూడలేదు.

"తాతని ఏమీ అనకండి దొరగారూ, తప్పు నాది. ఇల్లెప్పుడు ఖాళీ చెయ్యమంటారు?"

ప్రభువుగారు ఆమె వైపు తిరిగాడు.

"ముప్పై ఏళ్లుగా ఈ ఊరి పేరు పెట్టుకుని తిరుగుతున్నాను తల్లీ. ఇవాళ ఏ మొహంతో అడుగు పెట్టాలా అని దారంతా బెంగపడ్డాను. ఎవరో ఏమిటో అడక్కుండా లోపలికి రమ్మన్నావు. అలాంటి నిన్ను బయటికి పొమ్మంటానా?"

డోర్కస్ బావురుమంది. భయం తీరి కొంత, ఆ మాట విని కొంత.

ఆ తరవాత బతికున్నన్నాళ్లూ ఆయన చలికాలంలో వచ్చేవాడు. గదిలో ముసలీ ముతకా నిండిపోతే వెనక బల్ల మీద కూర్చునేవాడు. వెళ్లేటప్పుడు చర్చి ఊడ్చే మనిషికి టోపీ తీసి మరీ వెళ్లేవాడు.