బజ్జీ కాగితం మీద అక్క

"అమ్మా, ఈ అక్క ఎవరు?"

మావాడు బజ్జీ తినేసి, నూనె కాగితాన్ని మోకాలి మీద పరిచి అడిగాడు. ఏదో సినిమా పేజీ అనుకుని, పెద్దదాని జడ విప్పుతూనే తల తిప్పాను. చిన్న ఫోటో. నుదుటి దాకా నూనె ఎక్కింది కానీ కళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయి. రోజూ నా క్లాసులో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి. ఫోటో పక్కన పేరు, కింద తండ్రి పేరు, ఊరు, ఆధార్ నంబరు, హాస్టల్ గది, ఫోన్ నంబరు. మా కాలేజీ అడ్మిషన్ దరఖాస్తు.

ఫోన్ నంబరు చూడగానే జడ వదిలేసి కాగితం అందుకున్నాను.

కొన్నాళ్ళుగా ఆ అమ్మాయికి ముక్కూ మొహం తెలియని మగాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. "హాస్టల్ కిందే ఉన్నా, కిటికీ తియ్యి" అన్నాడట ఒకడు. క్లాసులో ఎవరి ఫోన్ మోగినా ఉలిక్కిపడేది. వాళ్ళ నాన్న దాచేపల్లి అవతల మిరప రైతు. ఈ వారం మొదట్లో స్టాఫ్ రూమ్ బయట నిలబడి నాతో తేల్చి చెప్పాడు. "ఊరికే ఎవడు చేస్తాడండీ మేడమ్? ఇదే ఎవడికో నంబరిచ్చి ఉంటది. శనివారం వచ్చి తీసుకుపోతా. చదివింది చాలు." పక్కనే ఉన్న ఆ అమ్మాయి తల ఎత్తలేదు. డిగ్రీ ఆఖరి పరీక్షలు దగ్గరికొచ్చేశాయి. రేపే ఆ శనివారం.

పిల్లలిద్దర్నీ స్కూటర్ ఎక్కించుకుని మళ్ళీ బజ్జీల బండి దగ్గరికి వెళ్ళాను.

"మళ్ళీ వచ్చావేందమ్మా? కారం చాల్లేదా?" అంది బజ్జీలామె.

"ఈ కాగితాలు ఎక్కడివి పిన్నీ?"

"పాత పేపర్ల కొట్లో కొన్నా. ఏదో కాలేజీవాళ్ళు సున్నాలేయిస్తా గది ఖాళీ చేశారంట. మంచి కాగితం తల్లీ, నూనె దిగదు."

ఆ కాలేజీ మాదే. తనిఖీకి అధికారులు వస్తున్నారని కంప్యూటర్లన్నిటికీ పాస్‌వర్డులు మార్పించింది నేనే. అదే తనిఖీ కోసం స్టోర్ రూమ్ శుభ్రం చేసి, దరఖాస్తులు తూకానికి అమ్మేశారు.

"ఇక్కడ తినే కుర్రాళ్ళు ఈ నంబర్లు చూసి ఫోన్లు చేస్తున్నారా?"

ఆమె చేతిలో చిల్లుల గరిట ఆగింది. "కాగితం చూస్తా ఫోన్లు నొక్కుతా ఇకిలిస్తుంటే, వెధవలు, ఏదో ఆటనుకున్నా. అయ్యో, ఆడపిల్లల నంబర్లా అవి?"

బండి కింద నుంచి కాగితాల కట్ట మొత్తం లాగి నా చేతిలో పెట్టింది. అప్పుడే పొట్లం అందుకున్న మనిషి చేతిలోంచి కూడా కాగితం లాక్కుంది.

"మరి నా బజ్జీలు?" అన్నాడతను.

"విస్తరాకులో పెడతాలే, ఆగు. ఆడపిల్ల నంబరు మీదే తినాలా నువ్వు?"

ఇంటికొచ్చి ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేశాను. "కట్ట మీ దగ్గరికి వచ్చేసింది కదమ్మా, చించేయండి. తనిఖీ అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దు" అన్నారు.

"ఎవరి వివరాలు బయటపడితే వాళ్ళకి చెప్పాలి కదా సార్. వ్యక్తిగత వివరాల రక్షణకి వచ్చిన కొత్త చట్టం గురించి మొన్న స్టాఫ్‌కి నాతో మీరే చెప్పించారు."

"అది కంప్యూటర్లో ఉన్నవాటికమ్మా, కాగితాలకి కాదు. యాజమాన్యాన్ని అడిగి చెప్తాను, తొందరపడకండి."

చట్టం ప్రకారం ఆయన మాట నిజమే కావచ్చు. కానీ రేపు శనివారం. ఆ తండ్రికి ఫోన్ చేశాను.

మబ్బు పట్టిందని కళ్ళంలో మిరపకాయల మీద పట్టాలు కప్పుతున్నానన్నాడు. గాలికి పట్టా కొట్టుకుంటున్న చప్పుడు నాకు వినపడుతోంది. జరిగిందంతా చెప్పాను. కాలేజీ తప్పేనని, మీ అమ్మాయి ఎవరికీ నంబరు ఇవ్వలేదని చెప్పాను.

"బజ్జీలు కట్టారా?"

"అవునండీ."

చేతిలో పట్టా వదిలేసినట్టున్నాడు, చప్పుడు పెద్దదైంది. తర్వాత, "నేను దాని మీద చెయ్యి చేసుకున్నానండి మేడమ్" అన్నాడు.

"పరీక్షలు రాయనిస్తారా?" అని మాత్రం అడిగాను.

"రాయకపోతే ఎట్టాగండీ! పొద్దున బస్సుకే వస్తా. తీసుకుపోవటానికి కాదు. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు కాగితం పెట్టాలిగా, మీరూ రండి. సిమ్ము మార్పిస్తా." ఆగి, "ఈ మాట ముందు దానికి నేనే చెప్తానండి, మీరు చెప్పమాకండి" అన్నాడు.

ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. మా పిల్లల ఫోటోలు, ఆధార్ కాపీలు స్కూలు అడిగినప్పుడల్లా తీసుకెళ్ళి ఇచ్చాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అవి ఇప్పుడు ఏ అల్మారాలో ఉన్నాయో, అసలు అల్మారాలోనే ఉన్నాయో లేదో. నేను తండ్రికి ఫోన్ చేసినందుకు యాజమాన్యం ఏమంటుందోనన్న భయం ఇది రాస్తున్నప్పుడు కూడా పోలేదు.

తెల్లారి ఇడ్లీ తింటూ మావాడు మళ్ళీ అదే ప్రశ్న వేశాడు. "ఆ అక్క ఎవరో చెప్పనేలేదు."

"నాకు తెలిసిన అక్కే నాన్నా. పేరు మాత్రం చెప్పను."

"మాకు కూడానా?" అంది పెద్దది.

"మీకు కూడా. ముందు తనని అడగాలి. తను సరేనంటే చెప్తా."

"ఎప్పుడడుగుతావ్?"

"ముందు పరీక్షలు రాసుకోనీ."