కాలు పెట్టి లాగి కొన్న కెమెరా పట్టీ

మాఘమాసం, ఆదివారం, పొద్దున పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు వీరులపాడు పెళ్లిపందిట్లో పెళ్లికొడుకు మేనమామ వేదిక మెట్లు దిగుతూ కాలు జారి, చేతికి అందినదాన్ని పట్టుకున్నాడు. అందింది నా మనవరాలి కెమెరా పట్టీ. గడియారం చూసి చెబుతున్న గంట కాదిది. ఆ కుదుపుకు పిల్ల వేలు మీట మీద పడి ఒక ఫొటో దిగింది. ఏ ఫొటో ఎప్పుడు దిగిందో కెమెరా తనే రాసిపెట్టుకుంటుందట.

ఆ పట్టీ ఊడితే ఏమయ్యేదో చెప్పాలంటే మూడు వారాలు వెనక్కి వెళ్లాలి.

మనవరాలు నా కొడుకు కూతురు. ఇరవై మూడేళ్లది. పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తుంది. ఆడపిల్లకు ఇదేం పని అని అడిగినవాళ్లను, పెళ్లికూతురు ముస్తాబయ్యే గదిలోకి మగవాణ్ణి పంపిస్తారా అని నేను తిరిగి అడిగాను. తర్వాత ఎవరూ అడగలేదు. ఆ పెళ్లికి మూడు వారాల ముందు జగ్గయ్యపేటలో ఒక ఓణీల ఫంక్షన్లో, కెమెరాతో పాటు వచ్చిన పాత పట్టీ కుట్టు ఊడింది. కెమెరా వెళ్లి పురోహితుడి ఒళ్లో పడింది. ఆయన మంత్రం ఆపలేదు. కెమెరాకు ఏమీ కాలేదు. అందరూ అదృష్టం అన్నారు. నేను పురోహితుడి పొట్ట అన్నాను.

ఆ సంగతి నా కొడుకు చెవిన పడింది. వాడు ఎక్కువ మాట్లాడడు.

"ఇంకోసారి కింద పడిందంటే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తా. నువ్వు ముక్త్యాల ఫ్యాక్టరీ ఆఫీసులో చేరు. కుర్చీలో కూర్చుని చేసే పనిలో ఏదీ కింద పడదు" అన్నాడు.

అన్న మాట మీద నిలబడే మనిషి. చిన్నప్పుడు ఒకసారి కాకరకాయ తిననన్నాడు. ఇప్పటికీ తినలేదు.

ఆ సాయంత్రం పిల్లకు తలనూనె రాస్తూ జడ పక్కకు తీశాను. మెడ వెనక ఎర్రగా కమిలి, చర్మం గట్టిపడి ఉంది. నలభై ఏళ్లు పశువులతో బతికినదాన్ని, నాకు తెలియనిది కాదు. అది కాడి రాసుకుని లేచిన కాయ. ఎద్దు మెడ మీద అలాంటిది కనబడితే కాడి మార్చాలి, ఎద్దును కాదు. పట్టీ కొనడానికి నేనూ వస్తానన్నాను.

"నీకేం తెలుసే నాయనమ్మా కెమెరా గురించి?"

"కెమెరా గురించి తెలవదు. మెడ గురించి తెలుసు."

వీరులపాడు పెళ్లికి రెండు రోజుల ముందు, శుక్రవారం, ఇద్దరం బస్సెక్కి నందిగామ వెళ్లాం. నాకు అక్షరాలు యాభై ఆరో ఏట వచ్చాయి. మొదట కూడబలుక్కుని చదివింది నందిగామ అన్న బస్సు బోర్డునే. అంతకుముందు బస్సు రంగు చూసి ఎక్కేదాన్ని. అలా రెండుసార్లు మధిర వెళ్లాను.

కెమెరా సామాన్ల దుకాణం సన్నగా, పొడుగ్గా ఉంది. దుకాణదారుడు మర్యాదస్తుడు. నాకు స్టూలు వేసి, గల్లా మీద నాలుగు పట్టీలు పరిచాడు. మొదటిది రెండు వేళ్ల వెడల్పు లేదు. మెడను కోసేది అలాంటిదే కాబట్టి పక్కన పెట్టించాను. రెండోది మెత్తగా రబ్బరులా సాగుతోంది.

"దీంతో బరువే తెలవదండి" అన్నాడు.

పిల్ల దాన్ని వేసుకుని నాలుగడుగులు నడిచింది. కెమెరా ఎగిరెగిరి పొట్టకు కొట్టుకుంది. బరువు తెలియలేదు, దెబ్బ తెలిసింది.

మూడోది ఎర్రది. పిల్ల కళ్లు దాని మీదే ఉన్నాయి. రెండు వైపులా ప్లాస్టిక్ క్లిప్పులు. ఒక్క వేలితో నొక్కితే పట్టీ మొత్తం విడిపోతుందట, స్టాండు మీద పెట్టేటప్పుడు సుఖమట. నేను నొక్కాను. విడిపోయింది.

"ఇది వద్దు."

"అందరూ ఇదే కొంటున్నారే నాయనమ్మా."

"ఒక్క వేలితో ఊడేది కట్టు ఎట్టా అవుద్దే? పెళ్లిలో నీ ఒక్కదానికే ఉంటాయా వేళ్లు?"

దుకాణదారుడు నవ్వాపుకోవడానికి పైఅరలో ఏదో వెతికాడు.

నాలుగోది నూలు పట్టీ. నాలుగు వేళ్ల వెడల్పు, లోపలివైపు మెత్తటి తోలు, కొసల్లో ఇనుప బకిళ్లు. మెడకు కాకుండా జంధ్యంలా భుజం మీదుగా అడ్డంగా వేసుకోవచ్చు. బరువు భుజానికీ వీపుకూ పంచినట్టవుతుంది. ఇది బాగుందనిపించింది. అనిపిస్తే చాలదు.

మా ఇళ్లలో గేదెను కట్టే పలుపు కొనాలంటే ఒక కొసను కాలితో తొక్కిపట్టి, రెండో కొసను నడుముకు చుట్టి వెనక్కి వాలతాం. మన బరువుకు ఆగని తాడు గేదెకు ఆగదు. నేను చెప్పు విడిచి, పట్టీలో పాదం పెట్టి, రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వాలాను.

"పెద్దమ్మగారూ, అది గేదెకు కట్టేది కాదండి."

"గేదెకైతే ఇంత చూడనయ్యా. గేదె తెంపుకుంటే పక్క చేలో దొరుకుద్ది."

ఆ మాట పూర్తయ్యేలోగా బకిల్లోంచి పట్టీ సర్రున జారిపోయింది. నేను స్టూలు మీద కూలబడ్డాను. స్టూలు అక్కడే ఉండటం ఆయన మర్యాద వల్ల జరిగిన మేలు. ఆయన మొహం తెల్లబోయింది. పట్టీ తీసుకుని చూసి, "ఎక్కించడమే తప్పండి, కొసను మళ్లీ లోపలికి తిప్పలేదు" అన్నాడు. తిప్పి ఎక్కించాడు. కొస నాలుగు వేళ్లు మిగలాలన్నాను. మిగిల్చాడు. మళ్లీ లాగాను. ఈసారి ఆగింది. కొన్నాం. తిరుగు బస్సులో పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఎర్రదాని గురించి ఆలోచిస్తోందని తెలుసు.

ఇక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ ఒకసారి జారిన బకిల్ను నేను నమ్మలేకపోయాను. శనివారం పిల్ల లేనప్పుడు దబ్బనం, పురికొస తీసుకుని, గోనెసంచి మూతి కుట్టినట్టు రెండు బకిళ్లనూ పట్టీకి కలిపి కుట్టేశాను. పొడవు ఎంత ఉండాలో తెలియక నేనే భుజాన వేసుకుని కొలత చూశాను. నాకూ పిల్లకూ జానెడు తేడా ఉందని తట్టలేదు.

ఆదివారం పొద్దున పెళ్లిపందిట్లో పిల్లకు తెలిసింది. కెమెరా నడుము దగ్గర ఉండాల్సింది చంకలో ఉంది. కంటికి ఎత్తాలంటే మెడ వంచాల్సి వస్తోంది.

"ఏం చేసావే ఇది? విప్పుదామంటే గోరు కూడా దూరట్లేదు."

"దూరకూడదనే కుట్టా."

"నా కొలత అడగొద్దా?"

అడగాల్సిందే, తప్పు నాదే అన్నాను. పని చేసే మెడ దానిది, కొలిచింది నా ఒళ్లు. మమ్మల్ని ఆటోలో తీసుకొచ్చిన నా కొడుకు, దింపి వెళ్లిపోతానన్నవాడు, వెళ్లకుండా వేదిక మీద ఒక పక్కన నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో మా ముగ్గురికీ తెలుసు.

పిల్ల మెట్ల కింద నిలబడి, మెడ వంచి, వేదిక మీదికి కెమెరా గురిపెట్టింది. అప్పుడే మేనమామ జారాడు. తొంభై కిలోలకు తగ్గని మనిషి, పట్టీ పట్టుకుని రెండు మెట్లు కూర్చుంటూ దిగాడు. పిల్ల నడుం వంగిపోయింది. కెమెరా దాని చేతుల్లోనే ఉంది.

"ఇదేం పట్టీ అమ్మా, మనిషిని కూడా దింపుద్ది" అన్నాడాయన, మెట్టు మీద కూర్చునే.

ఆపింది బకిల్ అని పిల్ల అంటుంది. పురికొస అని నేను అంటాను. దీని మీద మేము ఇంకా మాట్లాడుకుంటున్నాం. మర్నాడు పిల్ల బ్లేడుతో కుట్లన్నీ కోసి, పట్టీ భుజాన వేసుకుని నా ముందు నిటారుగా నిలబడింది. "ఇప్పుడు కుట్టు" అంది. కుట్టాను. ఫ్యాక్టరీ ఆఫీసు మాట నా కొడుకు మళ్లీ ఎత్తలేదు. మెడ మీద కాయ మెత్తబడింది.

ఆ ఫొటో వంకరగా వచ్చింది. పెళ్లివాళ్లు వద్దంటే మేము ఉంచుకున్నాం. ఆ రోజు అక్కడున్నవాళ్లు అందులో ఉన్నారు. పెళ్లికొడుకు. తల వంచుకుని ఒక్క కన్ను మాత్రం పైకెత్తిన పెళ్లికూతురు. ఇద్దరి తల్లులు, ఇద్దరి తండ్రులు. సన్నాయి ఆయన, డోలు ఆయన. మేనమామ, సగం. పురోహితుడు, జగ్గయ్యపేటలో చేసినాయనే, ఒళ్లో రెండు చేతులూ అడ్డం పెట్టుకుని. వేదిక పక్కన కుర్చీలో నేను. నా కొడుకు, అందరూ మేనమామను చూస్తుంటే తనొక్కడే కెమెరాను చూస్తూ, పట్టుకోవడానికి రెండు చేతులూ చాచి. మనవరాలు ఫొటోలో లేదు. తీసింది అదే.