నిన్న మీ ఇంట్లో ఏం కాలింది?

పొద్దున్నే స్నానం చేసి, ఆంజనేయస్వామి పటం ముందు దీపం పెట్టి, అంజనప్ప తన రేకుల షెడ్డు అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. భుజం మీది తువ్వాలుతో ఫోను తుడిచేవాడు. తర్వాత ఒక్క వేలితో, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, ముందురోజు గ్రూపులో చేరిన ప్రతి మనిషికీ పేరు పెట్టి రాసేవాడు: "రండి తిరుపాల్ గారూ, కూర్చోండి. నిన్న మీ ఇంట్లో ఏం కాలింది?"

పదిమంది చేరితే పదిసార్లు రాసేవాడు. ఒకరికి రాసింది ఇంకొకరికి అతికించడం తెలియక కాదు. "ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెంబు కడిగి నీళ్ళిస్తాం గదప్పా, ఇదీ అంతే" అనేవాడు.

పెనుకొండలో ఆ షెడ్డు పక్కనే మా పిండిమర. ముప్పైయెనిమిదేళ్ళు ఆయన డీజిలు ఇంజన్లు బాగుచేశాడు. బావుల మీద నీళ్ళు తోడే ఇంజను మొరాయిస్తే ధర్మవరం నుంచి హిందూపురం దాకా రైతులు ఆయన పేరే చెప్పేవాళ్ళు. ఒక ఎండాకాలం డీజిలు దొరక్క వారం రోజులు బంకుల ముందు క్యాన్లు వరుసకట్టాయి. ఎదురుగా బావిలో నీళ్ళుండగా టమోటా తోటలు ఎండిపోవడం ఆయన చూశాడు. భూమిలోని నూనె ఎప్పటికైనా అడుగంటుతుందని ఆయనకు ఆనాడే గట్టిగా నాటుకుంది. యాభై దాటాక సోలారు పంపుల పని నేర్చుకున్నాడు. తెలిసింది నలుగురికీ చెప్పాలని వాట్సాప్‌లో 'చమురు తర్వాత' అని గ్రూపు పెట్టాడు. మొదట పదకొండు మంది. అందులో నేనొకణ్ణి.

చేరినవాళ్ళు మూడు రోజుల్లో జవాబు రాయాలి. పెట్రోలు ఎంత, గ్యాసు ఎంత, కట్టెలు ఎన్ని, ఉన్నదున్నట్టు. రాయనివాళ్ళను తీసేసేవాడు. తన పొయ్యి సంగతి తెలియనివాడు లోకంలో నూనె సంగతి ఏం మాట్లాడతాడని ఆయన లెక్క. జవాబులు చూస్తే ముచ్చటగా ఉండేవి. ధర్మవరం నేతగాడు ఒకాయన రాశాడు: "మగ్గం మోటారుకు కరెంటు, బండికి పెట్రోలు, టీకి గ్యాసు. కరెంటు పోయినప్పుడు నా కడుపు."

ఇంకో నియమం ఉండేది. గొంతు పంపకూడదు, రాయాల్సిందే. 'రాసిన మాట నిలబడుతుంది' అని గ్రూపులో కారణం చెప్పేవాడు. అసలు కారణం మా వీధికి తెలుసు. ఇంజన్ల మోతకు ఆయన చెవులు రెండూ పోయాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పట్టుకుంటాడు, ఫోనులో గొంతు మాత్రం ఆయనకు గోడతో సమానం. ఇంజను రోగాన్ని చెవితో పట్టాల్సిన మేస్త్రీకి చెవుడంటే ఎవరు పనిస్తారు? అందుకని స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడిని పళ్ళతో కరిచి పట్టుకునేవాడు. ఏ సిలిండరు సరిగా కొట్టడం లేదో ఆయన దవడకు తెలిసేది. అది ఆయన అలవాటనుకున్నారు జనం. అవసరమని మాకు తెలుసు. ఎవరమూ బయటపెట్టలేదు.

పోయిన వేసవిలో డీజిలు మళ్ళీ దొరకదని పుకారు లేచింది. ఒక్క వారంలో నాలుగువందల మంది కొత్తవాళ్ళు గ్రూపులో పడ్డారు. అంజనప్ప దీపం పెట్టింది మొదలు మధ్యాహ్నం దాకా అరుగు మీదే కూర్చుని ఒక్క వేలితో రాశాడు. ఆయన భార్య వెంకటసుబ్బమ్మ సంగటి ముద్ద అక్కడికే తెచ్చి పెట్టేది. జయప్రకాష్ అనే కొత్తాయన రాసిన జవాబు ఆమెకు చదివి వినిపించాడు: "సోలారు ప్లాంటులో సైటు సూపర్‌వైజరును. ఇంట్లో గ్యాసు. సైటులో జనరేటరుకు రోజూ అరవై లీటర్ల డీజిలు."

"చూసినావా, ఎండను పట్టే పనికి డీజిలు కాలస్తాండారు. ఐనా నిజం చెప్పినాడు, మంచోడే" అన్నాడు.

ఆ గుంపులోనే పేరు లేని ఒక నంబరు వచ్చింది. బొమ్మ దగ్గర గొర్రెపిల్ల. పేరు తెలియక అంజనప్ప 'రండి, కూర్చోండి. నిన్న మీ ఇంట్లో ఏం కాలింది?' అని రాశాడు. గురువారం అటునుంచి నాలుగు గొంతు మెసేజీలు వచ్చాయి. వాటి కింద వరసగా నవ్వు బొమ్మలు. ధర్మవరంలో ఇళ్ళ మీద సోలారు పలకలు బిగించే రాఘవేంద్ర రాశాడు: "అమ్మా, ఇది గొర్రెల గ్రూపు కాదు." మళ్ళీ నవ్వు బొమ్మలు.

అంజనప్పకు ఏమీ అర్థం కాలేదు. "ఏం చెప్పింది ఆ యమ్మ?" అని గ్రూపులోనే అడిగాడు.

"ఏం లేదన్నా. రూలు దాటింది, తీసెయ్యి" అని జవాబిచ్చాడు రాఘవేంద్ర.

తీసేశాడు.

శనివారం పొద్దున వెంకటసుబ్బమ్మ రాగులు పట్టించడానికి మరకు వచ్చింది. ఆయన ఫోను ఆమె చేతిలోనే ఉంది. మర ఆడుతుండగా కరెంటు పోయింది. బెల్టు ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఆమె వేలు తగిలి ఆ గొంతు మోగింది. గింజల సంచులతో వరుసలో ఉన్న నలుగురూ, నేనూ విన్నాం.

"అయ్యా, నా పేరు మరియమ్మ. చిలమత్తూరు దగ్గర మాది. మీరు అడిగినారు గదా, ఏం కాలిందని. మా ఇంట్లో కంప కాలింది. మూడు రాళ్ళ పొయ్యి. దీపం సోలారుది, చర్చోళ్ళు ఇచ్చినారు. నూనె ఏమీ కాలలేదయ్యా. నాకు చదివేకి వస్తాది గానీ రాసేకి రాదు, అందుకని చెప్తాండా.

"మా మిట్ట మీద సోలారు పలకలు పెడతాండారు. చుట్టూ కంచె ఏస్తాండారు. గొర్రెలు కుంటకు పొయ్యే దోవ దాంట్లోనే ఉండాది. సోమవారం గేటు బిగించి మూసేస్తారంట. చుట్టు తిరిగి పోవల్లంటే మూడు మైళ్ళు. ఈ ఎండకు పిల్లగొర్రెలు నడవలేవు, దోవలోనే పడిపోతాయి. మీరు సోలారు పెద్దోళ్ళు గదా, దోవ ఇడ్సమని ఒక మాట చెప్పండయ్యా. ఎండను మేం వద్దనలేదు. దోవ అడుగుతాండాం."

ఎవరూ నవ్వలేదు. సంచి మీద కూర్చున్న రామప్ప తాత "ఎవురు తల్లీ ఆ బిడ్డ?" అని మాత్రం అన్నాడు.

వెంకటసుబ్బమ్మ పిండి వదిలేసి ఇంటికి పోయింది. మొగుడి మొహానికి ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటా పెదాలు తెరిచి అప్పజెప్పింది. ఆయన మొహం నల్లబడటం గోడ మీదుగా నేను చూశాను. ముప్పై ఏళ్ళ పొరుగులో ఆయన గొంతు లేవడం నేనెరుగను. ఆ రోజు మా మర దాకా వినబడింది.

"నేను అడిగితి గదా! ఏం చెప్పిందని నోరు తెరిచి అడిగితి గదా! ఆరువందల మంది ఉండారు. ఒక్క నా కొడుకు రాయలేదే!"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ గ్రూపులో నేనూ ఉన్నాను. నాలుగు మెసేజీలు వచ్చాయని గురువారమే చూశాను. మర మోతలో ఎవరు వింటారులే అని పక్కకు తోసేశాను. నవ్వు బొమ్మ పెట్టలేదు, నిజమే. పెట్టకపోవడం ఒక పుణ్యమా? దేవుడిచ్చిన చెవులున్న మేమంతా మూసుకుని కూర్చుంటే, చెవులు లేనాయన ఒక్కడే అడిగాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది. ఆ కోపంలో సగం నా మీదే.

అంజనప్ప గ్రూపులో రాశాడు: "మరియమ్మ నా ప్రశ్నకు జవాబు చెప్పింది. మనందరిలో నూనె కాల్చనిది ఆ యమ్మ ఒక్కతే. ఆ యమ్మను నేను తోలేసినాను. నాకు చెవుడు. మీకేమైంది?"

రాఘవేంద్ర ఊరుకోలేదు. "నాలుగు గొర్రెల కోసం సోలారు ఆపాల్నా అన్నా?"

"ఆపమని ఎవురన్నారు? ఇనకుండానే నవ్వినావా, ఇని నవ్వినావా? అది చెప్పు ముందు."

ఆదివారం భార్యాభర్తలిద్దరూ పనిముట్ల సంచితో మొదటి బస్సెక్కారు. ఆ సంచి లేకుండా ఆయన ఊరు దాటడు. హిందూపురంలో దిగి చిలమత్తూరు బస్సు పట్టుకున్నారు. బస్సు కదిలిపోతుంటే వెంకటసుబ్బమ్మ పరుగు చూసి కండక్టరు విజిలు వేసి ఆపాడట. తర్వాత జరిగినదంతా ఆమె చెప్పిందే.

అడుగుతూ పోయి ఇల్లు పట్టుకునేసరికి, మరియమ్మ అప్పుడే ప్రార్థన నుంచి వచ్చి గొర్రెలను వదులుతోంది. యాభై ఏళ్ళ మనిషి. ఎవరో తెలియకముందే ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. తెలిశాక చెంబు కింద పెట్టింది.

"ఏమప్పా, నన్ను తోలేసినోడివి నువ్వేనా? వాకిట్లోకొచ్చిన కుక్కనైనా ఛీ అని తోల్తారు. నువ్వు ఆ మాట గూడా అనకపోతివి."

అంజనప్ప చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నాకు ఇనపడదమ్మా. చానా ఏండ్లాయ. ఎవురికీ చెప్పలా. తప్పు నాదే."

ఆమె గొర్రెల కర్ర చేతిలోకి తీసుకుంది. "చెవుడు నీ ఒక్కడికే గదా. తక్కినోళ్ళకు ఏం రోగం?"

గొర్రెలను తోలుకుని ముగ్గురూ మిట్ట ఎక్కారు. కనుచూపు మేర కంచె స్తంభాలు. దోవ దగ్గర గేటు నేల మీద పడుకోబెట్టి ఉంది. పక్కన జనరేటరు ఆగిపోయి ఉంది. హెల్మెటు పెట్టుకున్న మనిషి ఎదురొచ్చి, గ్రూపులో ఫోటో చూసిన గుర్తుతో అంజనప్ప మొహం పోల్చుకుని రెండు చేతులూ జోడించాడు. గ్రూపులో డీజిలు లెక్క నిజం రాసిన జయప్రకాషే అతను.

"అన్నా, దేవుడు పంపినట్లు వచ్చినావు! జనరేటరు నిన్న చెడిపోయింది. మేస్త్రీ మంగళవారం గానీ రాడంట. రేపు పైనోళ్ళు వస్తాండారు. గేటు వెల్డింగు కాకపోతే నా ఉద్యోగం పోతాది."

"స్టార్టు చెయ్యి" అన్నాడు అంజనప్ప.

అది దగ్గుతూ లేచింది. ఆయన స్క్రూడ్రైవరు ఆనించి పిడి కరిచాడు. ఒక్కొక్క సిలిండరే చూసుకుంటూ వచ్చాడు. అంతలో ఇంజను ఆగిపోయింది.

"మూడోది కొట్టలా. డీజిలు చిమ్మే నాజిలు పట్టేసింది. అరగంట పని" అన్నాడు. ఆ మాట అని, స్క్రూడ్రైవరు సంచిలో వేసి, సంచి ముడేసి, గేటు మీద కూర్చున్నాడు.

"ఈ యమ్మ చెప్పింది గ్రూపులో ఇన్యావా?"

జయప్రకాష్ తల దించాడు. "ఇన్యా. నాలుగు సార్లు ఇన్యా."

"ఇని?"

"ఏం రాయల్లో తెలీలా అన్నా. నా సైటే గదా."

"నీ సైటు గాబట్టే నువ్వు రాయాల! అరవై లీటర్లు కాలస్తాండానని రాసిన చేతికి, గొర్రెల దోవ మూస్తాండానని రాసేకి ఏమాయ? నాజిలు పట్టింది ఇంజనుకు కాదప్పా, మీ నోళ్ళకు."

"అన్నా, నా చేతిలో లేదు..."

"బాగుచేసేది నా చేతిలో లేదు పో. పన్నెండడుగులు దోవ ఇడ్సు. స్తంభాలు రెండు పక్కకు జరుపు. అప్పుడు ఇప్పుతా సంచి. ముప్పైయెనిమిదేండ్లు ఏ రైతు ఇంజనూ బాగుచెయ్యనని అనలేదు. ఈ పొద్దు అంటాండా."

జయప్రకాష్ ఫోను తీసుకుని దూరంగా పోయాడు. గంటసేపు ఎవరెవరితోనో మాట్లాడాడు. ఎండ మాడ్చేస్తోంది. మరియమ్మ తన కొంగు సగం వెంకటసుబ్బమ్మ నెత్తి మీద కప్పింది. గొర్రెలు గేటు చుట్టూ మూగి ఒకదాని నీడలో ఒకటి తలలు దూర్చాయి. తిరిగొచ్చి అతను చెప్పింది ఇది: ఈ వేసవి దాటేదాకా దోవ మూయరు, గేటు బిగించరు. స్తంభాలు జరిపే సంగతి తహసీల్దారు వచ్చి చూసి తేలుస్తాడు.

"నోటిమాట నాకొద్దు. గ్రూపులో రాయి. నీ పేరుతో, అందరూ చూసేటట్ల."

చెమట తుడుచుకుంటూ అతను రాశాడు. అంజనప్ప కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. అప్పుడు సంచి ముడి విప్పాడు. అరగంటకు జనరేటరు లేచింది. ఆ మోతకు గొర్రెలు బెదిరి, తెరిచి ఉన్న దోవలోనే కుంటవైపు పరుగు తీశాయి.

ఆయన కోపం మాత్రం దిగలేదు. వేసవి వెళ్ళాక ఏమవుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. మరియమ్మ కోపం కూడా దిగలేదు. "సగం దోవే ఇచ్చినట్లు" అంది. "అవును, సగమే. మళ్ళా వస్తా" అన్నాడాయన.

బస్సు దాకా ఆమె సాగనంపడానికి వచ్చింది. దారిలో అంజనప్ప ఆగి ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు.

"ఒక సాయం అడుగుతానమ్మా. కాదంటే కోపం రాదు. నిన్ను మళ్ళా గ్రూపులో చేరుస్తా. గొంతు పంపగూడదనే రూలు తీసేస్తాండా. ఇంకమీదట పొద్దున్నే కొత్తోళ్ళను నేను అడగను, నువ్వు అడగాల. నువ్వు దోవ అడిగినట్లే అడుగు, నీ గొంతుతోనే. వాళ్ళు రాయలేక నోటితో చెప్తే, ఇని, మా సుబ్బమ్మకు ఫోను చేసి చెప్పు. ఆ యమ్మ నాకు చెప్తాది. నిన్న వాళ్ళ ఇంట్లో ఏం కాలిందో నువ్వు అడుగుతావా?"