బరువు రీలు

ఆ రోజుల్లో ఇద్దరికి మాటలు లేకుండా పోయినా దానికొక పద్ధతి ఉండేది. ఇప్పటివాళ్ళలా ఫోను తియ్యకపోవడం, కనిపించనట్టు మొహం తిప్పుకోవడం ఉండేవి కావు. ఎదురెదురుగానే కూర్చునేవాళ్ళు. చెప్పదలచుకున్నది గోడకో, స్తంభానికో, ఎద్దుకో చెప్పేవాళ్ళు. అవతలివాడు జవాబు తన పక్కనున్న స్తంభానికి ఇచ్చేవాడు. మా బాపూ, అమ్మ తమ్ముడైన మా మేనమామా అయిదేళ్ళు అట్లా గడిపారు. మామ మా ఎడ్లబండి అడిగి తీసుకొని కోదాడ పోయి వచ్చేసరికి ఇరుసు విరిగింది. "ముందే పగిలుండె" అని మామ. "నువ్వు ఎక్కినంకనే పగిలింది" అని బాపు. (మామ కాస్త భారీ మనిషి. అసలు గాయం ఆ మాటేనని నా అనుమానం.) ఆ ఇరుసు కింద నలిగింది మాత్రం నేను. మామ బిడ్డను నాకు చేసుకోవాలని చిన్నప్పటి నుంచీ అనుకున్న మాట అక్కడే ఆగిపోయింది. పిల్లను చూడ్డానికి తుంగతుర్తి వాళ్ళు వచ్చే వారం వస్తున్నారని అమ్మ కళ్ళనీళ్ళతో చెప్పింది.

అప్పుడు నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కాంటా దగ్గర పనిచేసేవాణ్ణి. బడి మొహం చూసింది మూడేళ్ళే. మిగతా చదువంతా పొట్లాల కాగితాల మీద చదివిందే. అందువల్ల నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. రెండు తెలుగు ప్రాంతాలు ఒక రాష్ట్రంగా కొత్తగా కలిసిన కాలం, ఎవరి నోట విన్నా కలయిక మాటే. ఏటా వరికోతలయ్యాక ఊళ్ళో చదువుకున్నవాళ్ళు కొందరు శాంతి చిత్రాల పండుగ పెట్టేవారు. పగలు మానుకున్న ఊళ్ళ గురించి, యుద్ధం ఆపిన మనుషుల గురించి, నిజంగా జరిగినవాటి మీద తీసిన సినిమాలు. సూర్యాపేటలో ఒకరోజు, కోదాడలో ఒకరోజు, ఆ తర్వాత మా మిల్లు గోదాములో, పట్టపగలే, కిటికీలకు గోనెసంచులు కట్టి. మాటలు ఇంగ్లీషులో ఉండేవి. తెర పక్కన కర్ర పట్టుకొని తెలుగులో వివరించేవాణ్ణి నేనే. (నా ఇంగ్లీషు సగం ఊహ, సగం ధైర్యం.)

ఆ ఏడు సినిమా నా కోసమే తీసినట్టు ఉంది. ఎక్కడో కొండల్లో రెండు ఊళ్ళవాళ్ళు కాలువ నీళ్ళ కోసం తలలు పగలగొట్టుకొని, చివరికి కౌగిలించుకుంటారట. ఇంకేం! మా మిల్లు సేటు రమ్మన్నాడని బాపుకొక అబద్ధం, మామకొక అబద్ధం చెప్పి పిలిపించి, గోదాములో చెరొక స్తంభం దగ్గర కూర్చోబెట్టాను.

రీళ్ళు రెండు డబ్బాల్లో వచ్చాయి. కోదాడ నుంచి వచ్చిన ఆపరేటరు తల గోక్కున్నాడు. "మీద కాగితాలు ఊడిపోయినయ్యండీ. ఏది ముందెయ్యాలో కాస్త విప్పి చూద్దామా?"

"నాకు చెప్తవా?" అని రెండు డబ్బాలూ చేతులతో తూచాను. బస్తాలు పేర్చేటప్పుడు బరువుది అడుగున పడాలి, తేలికది పైన. మిల్లులో ఎవర్నడిగినా చెబుతారు. "బరువుది ముందు పెట్టు."

"సినిమాకీ బరువుకీ ఏం సంబంధమండీ?"

"పెట్టుమంటున్న గద!"

తెర వెలగగానే మనుషులు కౌగిలించుకుంటున్నారు. ముసలి పెద్దలిద్దరు ఒకే కుండలో నీళ్ళు తాగుతున్నారు. కాస్త తొందరగా కలిశారే అనిపించింది గాని, బాపు కండువాతో కళ్ళు ఒత్తుకోవడం చూసి గొంతు పెంచాను. "సూడుండ్రి, మనుషులంటే గిట్లుండాలె!" రెండో రీలు ఎక్కింది. ఆ ముసలి పెద్దలే కర్రలు తీశారు. ఇందాక కౌగిలించుకున్నవాడే రాయి విసిరాడు. ఒకడి తల పగిలింది. సినిమా ఖతం.

రీళ్ళు తారుమారయ్యాయని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ వయసులో (ఈ వయసులోనూ) అది నాకు చేతకాదు. "కలిసినంక గూడ... జర హుషారుగ ఉండాలె," అన్నాను.

బాపు తన స్తంభం వైపు తిరిగాడు. "కంబమా, సూసినవా కలిసినోళ్ళ గతి? గందుకే నేను కలువనన్నది."

మామకు ఆవేశంలో తన స్తంభం గుర్తుకు రాలేదు. "గదే గద బావా నేననేది! కలిసి తలలు పగలగొట్టుకునుడు దేనికి?"

"అవు బామ్మర్దీ, ఎవలింట్ల ఆళ్ళుంటేనే మంచిగుంటది."

"నూటికి నూరు పాళ్ళు నిజం బావా!"

కలవకూడదన్న మాట మీద కలిసిపోయారు. ఆ ఊపులో ఇద్దరూ నా మీద పడ్డారు.

"గీ సినిమా కోసం నా దున్నకం ఆపిచ్చిండు!"

"నాకు గూడ అబద్ధం చెప్పిండు బావా. నువ్వు చిన్నప్పుడే రెండు తగిలియ్యాల్సింది."

"నీ అక్క తగలనిస్తే గద!"

తిట్టుకుంటూ, అంటే నన్ను తిట్టుకుంటూ, చెరో రెండు చాయ్‌లు తాగి, కొత్త ఇరుసు వేసిన మా బండిలోనే ఊరికి పోయారు. బండి ఎక్కుతూ మామ అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది. "గీ తిక్కలోన్ని బయటోళ్ళకిస్తే పరువు పోతది బావా. మన ఇంట్లనే పెట్టుకుందాం." మర్నాడు తుంగతుర్తికి రావద్దని కబురు వెళ్ళింది.

మరుసటి ఏడు డబ్బాల మీద తెల్లరంగుతో అంకెలు వేయించారు. సినిమా సక్రమంగా నడిచింది. అందరూ చప్పట్లు కొట్టి ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. ఒక్కడూ ఇంకొకడితో కలవలేదు. బరువుదే ముందు వెయ్యాలని ఎంత మొత్తుకున్నా నా మాట వినేవాడేడీ?

ఇప్పుడు బాపు లేడు, మామ లేడు. మామ బిడ్డ మాత్రం నాతోనే ఉంది. మాట పట్టింపు వచ్చిన మూడో రోజు ఆమె తలుపుతో అంటుంది, "ఆయనకు చెప్పు, బరువుది ముందు దించుమని." నా దగ్గరున్న బరువేదో ఆమెకు తెలుసు. 'తప్పు నాదే' అన్న రెండు మాటలు. గోదాములో ఆ రోజు దించాల్సినవి, ఇంత వయసొచ్చినా దించడం అలవాటు కాలేదు. కాసేపు పేపరు తిరగేసి, నేనూ తలుపుకే చెబుతాను, "దించిన అని చెప్పు."