అక్కది కాని పాట

మా వైపు క్రైస్తవుల ఇళ్లలో ఎవరైనా పోతే, ఆదరణ కూడికలో వాళ్లకి ఇష్టమైన పాట పాడతారు. అక్క పోయినప్పుడు, జగ్గయ్యపేటలో మా ఇంట్లోనే, పాస్టరుగారు "అమ్మాయికి ఏ పాటంటే ఇష్టం?" అని అడిగారు. అమ్మ నా వైపు చూసింది.

అక్కకి కీర్తనల మీద పెద్ద ధ్యాస ఉండేది కాదు. నందిగామ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేది. తన ప్రాణమంతా ఒక పోర్చుగీసు కవయిత్రి మీదే. ఆవిడ తమ్ముడు పోతే ఆ దుఃఖాన్ని కవితలుగా రాసి, చిన్న వయసులోనే తనూ పోయింది. బతికుండగా పట్టించుకున్నవాళ్లు తక్కువ. పోయాక దేశమంతా నెత్తిన పెట్టుకుంది. "చస్తేగానీ మెచ్చుకోరే, అక్కడా ఇంతే" అని అక్క నవ్వేది.

ఆవిడ కవిత ఒకటి, పోయినవాళ్లని ఒక్కసారి పలకమని బతిమాలేది, అక్క తెలుగులో రాసుకుని నందిగామ బస్సులో నాకు వినిపించేది. నాకు అది కంఠతా వచ్చు. కూడికలో అదే ఒక్కో చరణంగా చెప్పాను. స్త్రీల సమాజం వాళ్లు దాన్ని తెలిసిన కీర్తన రాగంలో ఎత్తుకున్నారు. పాస్టరుగారు "మన సహోదరి రాసిన పాట" అనేశారు. కాదని చెప్పడానికి లేచాను. అమ్మ అప్పటిదాకా ఏడ్చిన ఏడుపు ఆపి పాడుతోంది. కూర్చున్నాను.

పాట మా ఇంటితో ఆగలేదు. చందర్లపాడు దాకా ఏ ఊళ్లో ఎవరు పోయినా అమ్మకి ఫోను వచ్చేది. ఉతికిన చీర కట్టుకుని వెళ్లి, "మా పెద్దమ్మాయి పాటండి" అని మొదలుపెట్టేది. క్లాసులో ఎవరైనా పక్కవాళ్ల వాక్యం ఎత్తి రాస్తే అక్క దులిపేసేది. పాట మొదలైతే చాలు, వెనక వరసలో తను కూర్చుని నన్నే చూస్తున్నట్టుండేది. పక్కన ఇంకొకావిడ, నేనెన్నడూ చూడనావిడ. తల తిప్పాలంటే భయం. నిజంగా భయమే.

ఈ ఈస్టరుకి, తెల్లారుతుండగా, సున్నం వేసిన సమాధుల మధ్య అందరూ కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డారు. పాస్టరుగారు ఆ పాటకి అక్క పేరు చెప్పగానే నేను ఆపాను. పాట పోర్చుగల్ ఆవిడదని, ఆమెకి అక్కడ దేశమంతా పేరుందని, అక్క తెలుగులోకి మార్చిందంతేనని చెప్పాను.

మా పక్కింటి పెద్దావిడ, "ఆమెకీ ఎవరన్నా పోయారామ్మా?" అంది.

"తమ్ముడండి."

"అయితే మన పాటేగా. ఎత్తండి."

అందరూ పాడారు. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. గుండె తేలికపడింది.

అమ్మ మాత్రం పెదవి కదపలేదు. గేటు దాటి ఆటో ఎక్కాక, నా వైపు చూడకుండానే అంది:

"ఆవిడకి దేశమంతా ఉందన్నావుగా. మన పిల్లకి ఇదొక్కటేగా ఉంది. అదీ లాగేసుకున్నావా?"