ముగ్గు గీతల్లో ఊరిన నీళ్లు

నా చిన్నప్పుడు మదనపల్లెలో, ఏటి గట్టున మాది ఒంటిగది ఇల్లు. మా వీధిలో ఇళ్లన్నింటికీ మొగం రోడ్డు వైపు, వీపు ఏటి వైపు. ఏరంటే ఎప్పుడూ నీళ్లుంటాయని కాదు. ఏడాదిలో చాలాభాగం ఇసుకే. సాయంత్రం ఎండకు అది ఎంతగా మెరిసేదంటే, ఏరు పారుతూ ఉందనే అనుకునేదాన్ని.

మా అమ్మకు అప్పుడు నెలలు నిండాయి. పుట్టే బిడ్డతో కలిపి ఆ గదిలో అందరం పట్టం. అందుకని నాన్న వెనకవైపు ఇసుకలోకి జరిగి ఇంకో గది వేద్దామనుకున్నాడు. పక్కింటివాళ్లు అప్పటికే జరిగి వేసుకున్నారు. మా అవ్వ, నాన్న వాళ్లమ్మ, ఒక్కతే వద్దంది.

"ఏరు సచ్చి ఎన్నేండ్లాయ మా! ఇంగ యాడొస్తాది?" అన్నాడు నాన్న.

"సావలేదప్పా, పండుకోనుండాది."

"లేసినప్పుడు సూస్తాంలే," అని నవ్వి, మరునాడు పునాదికి ముగ్గు పోసి, రాళ్లు తేవడానికి వెళ్లాడు.

అవ్వ నా చేతిలో కొబ్బరి చిప్ప పెట్టింది. "ఏమ్మే, ఆ గీతల నడిమద్దెన తవ్వు," అంది. వేసవిలో తాగే నీళ్ల కోసం మేము ఇసుకలో చెలమ తవ్వడం మామూలే. మోచేతి లోతుకు ఇసుక చల్లబడింది. తర్వాత నీళ్లు ఒళ్లు విరుచుకుంటూ లేచినట్టు మెల్లగా ఊరాయి. తేటపడ్డాక అందులోకి ఆకాశం దిగింది. అవ్వ అంచున పసుపు కుంకుమ పెట్టింది. అలా పెట్టిన చెలమ మా ఇళ్లలో గంగమ్మతో సమానం. దాన్ని మనిషి పూడ్చకూడదు, ఏరే వచ్చి పూడ్చాలి.

రాళ్లబండితో వచ్చిన నాన్న నిలబడిపోయాడు. "ఎంత పని జేస్తివి మా! బిడ్డను యాడ పండుకోబెట్టేది?" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ.

"నా మంచం వసారాలో ఎయ్. అదుండే తావున ఉయ్యాల కట్టు. ఈ నీళ్లు తాగు ముందు," అంటూ అవ్వ చిప్ప నింపి అందించింది.

నాన్న చిప్ప అందుకుని తాగాడు. ఆ రాళ్లతోనే వసారాకు చలిగాలి ఆగేటట్టు పిట్టగోడ కట్టాడు. అవ్వ బతికినన్నాళ్లూ అక్కడే పడుకుంది.

తమ్ముడు నడక నేర్చే వేళకు ఒక తెల్లవారి లేచి చూస్తే ఇసుక లేదు. ఎర్రనీళ్లు మా వెనక మెట్టును నాకుతూ పోతున్నాయి. పక్కింటివాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు గానీ, వాళ్ల కొత్త గది లేదు. అవ్వ తమ్ముణ్ణి చంకనెత్తుకుని, "లేసింది సూడప్పా," అని వాడికి ఏటిని చూపించింది.

ఇప్పుడు మా వీధినిండా మేడలు, ఏటినిండా కంపచెట్లు. వెనక గది వేసి బాడుగకిద్దామని నా కొడుకు అంటున్నాడు. సబ్బుముక్కను కూడా అరిగేదాకా వదలని దాన్ని, బాడుగ విలువ నాకు తెలియక కాదు. మొన్న వాడు టేపుతో కొలతలు వేస్తుంటే, మనవరాలిని పిలిచి కొబ్బరి చిప్ప చేతిలో పెట్టాను. అంతకు ముందే నా గది బాడుగకు ఖాళీ చేసి, మంచం వసారాలో వేసుకున్నాను.